తెల్లబాజా మూతిలో ఇత్తడి చెంబు

ఆత్మకూర్ బ్యాండు మేళంలో గుర్వయ్య సాక్సఫోన్ అంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వింత. అందరి బాజాలలా ఇత్తడిది కాదు మరి, తెల్లటి ప్లాస్టిక్‌ది! హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒక దొర దగ్గర, రెండు పొట్టేళ్లమ్మిన డబ్బుతో కొన్నాడు. మీటల కింది మెత్తలు చివికి గాలి పోతుంటే, మేకపిల్ల తోలు కత్తిరించి తనే అతికించుకున్నాడు. భార్య సుక్కమ్మనూ అంత మురిపెంగా చూసుకున్నాడా అంటే, అది ఆమెనే అడగాలి.

అంతటివాడు ఒక పెళ్లిలో ఘనకార్యం చేశాడు. డప్పులవాళ్లు తోలు బిగుసుకోవాలని డప్పులను గడ్డిమంటకు కాపుతుంటే, తన బాజా కూడా కాగితే ఇంకా గట్టిగా మోగుతుందని పక్కనే నిలబెట్టి పోయాడు. వచ్చి చూస్తే ఏముంది! దాని వెడల్పాటి మూతి వాడిన తమలపాకులా వేలాడుతోంది.

బ్యాండు మేస్త్రి బుచ్చయ్యకు ఒళ్లు మండింది. "శుక్కురారం పటేల్ ఇంట్ల బారాతున్నది. గీ వంకర మూతిది పట్టుకొస్తే, ఎనుక తాళాలు కొట్టుకుంట నడువు. నీ జాగల ఇంకోన్ని పెడ్త" అన్నాడు.

తాళాలా! గుర్వయ్యకు ఆ పూట బువ్వ సయించలేదు.

"గింతదానికి ఏడుసుడెందుకయ్యా? వేడికి వంగింది వేడికే లేస్తది" అని సుక్కమ్మ కాగులో నీళ్లు సలసలా మరిగించింది. ముంతతో పోస్తుంటే మూతి మెత్తబడింది.

"జల్ది! గుండ్రటిదేదన్న దూర్చు!" అని అరిచాడు గుర్వయ్య. ఆమె చేతికందిన ఇత్తడి చెంబును అడుగు ముందుగా దూర్చింది. మూతి చక్కగా విచ్చుకుంది. ఇద్దరూ తెగ సంబరపడ్డారు. కానీ చల్లారాక చెంబు ఊడి రాదే! తిప్పినా రాలేదు, నూనె పోసినా రాలేదు. ఊదితే కింది స్వరాలన్నీ దగ్గుతున్నాయి.

"ఓయమ్మో! గది నా పెండ్లికి తల్లిగారూరు కోస్గిల మా అమ్మ పెట్టిన చెంబు!"

"నా బతుకే ఆగమైతాంటే నీకు చెంబు ఫికరా? పలగ్గొట్టు బాజాను, తీస్కో నీ చెంబు!" అన్నాడు గాని, గుర్వయ్య బాజాను ఒళ్లోంచి దించలేదు.

సుక్కమ్మ అతని మొహం చూసింది. పోయి వడ్రంగం చేసే వడ్ల అంజన్న దగ్గర బర్మా, ఉలి అడుక్కొచ్చింది. "జర గట్టిగ పట్టుకో" అని, చెంబు మూతిలోంచి బర్మా దించి అడుగున చుట్టూ వరసగా బొక్కలు పొడిచింది. ఉలితో మెల్లగా తట్టి బోర్లిస్తే అడుగు ఊడి ఖంగుమని నేలమీద పడింది. దాన్ని కొంగుతో తుడుస్తూ కళ్లు కూడా తుడుచుకుంది.

"ఇగ ఊదు."

ఊదాడు. మునుపెన్నడూ లేని గంభీరమైన నాదం! పాకలోని మేకలన్నీ లేచి నిలబడ్డాయి.

శుక్రవారం సాయంత్రం పటేల్ ఇంటి బారాతు ఊరేగింపులో తెల్లబాజా మూతిలో ఇత్తడి కట్టు ఎండకు ధగధగలాడింది. బుచ్చయ్య తనే వచ్చి గుర్వయ్యను ముందు వరుసలో నిలబెట్టాడు. పట్నం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన దగ్గరికొచ్చి, "ఇట్లాంటిది ఎక్కడా చూడలేదు. విలాయత్‌దా?" అని అడిగాడు.

గుర్వయ్య ఆడవాళ్ల గుంపులో ఉన్న సుక్కమ్మ వైపు చూశాడు.

"కోస్గిది సార్. మా ఆమెది. నేను ఊదుతున్న, గంతే."