పీణ్య పొగ, మా పాప ఊపిరి

మా ఆయన తిరుపాలుది పీణ్య కార్ఖానాల పేటలో ఇత్తడి సామాన్లకు మెరుపు తెచ్చే పని. కొళాయిలు, తలుపు గడియలు తీగకు గుచ్చి నైట్రిక్ యాసిడ్ తొట్టిలో ముంచి తీసేవాడు. ముంచగానే ఎర్రటి పొగ గుప్పున లేచేది. ఆ పొగతోనే మా ఇల్లు నడిచింది, ఆ పొగతోనే ఆయన దగ్గూ ముదిరింది. యజమాని మాత్రం ఒక్కనాడూ తొట్టి పక్కకు వచ్చి ఎరుగడు. వాకిలి అవతల నిలబడి కేకలు వేసేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2003లో మా కోడలు రెబెకాకు ఆడబిడ్డ పుట్టింది. కడుపులోనే మలం మింగేసిందట, నేరేడుపండు రంగులో బయటపడింది. మా కూతురు లిడియా ఆ ఆసుపత్రిలోనే పసిబిడ్డల వార్డులో నర్సు. డాక్టరమ్మ వచ్చి, బిడ్డ ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోయాయనీ, మిషనుతో ఆక్సిజన్ పెట్టినా ఒంటికి అందడం లేదనీ చెప్పింది. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఇచ్చి చూస్తామనీ, ఆలస్యమైతే బిడ్డ దక్కదనీ చెప్పి, మా కొడుకు జోనాను సంతకం పెట్టమంది.

నైట్రిక్ అన్న మాట చెవిన పడగానే మా ఆయన బెంచీ మీద నుంచి లేచాడు.

"రేయ్ జోనా, పెన్ను పెట్టొద్దురా! ఆ పొగ నా రొమ్ము తినేసింది. గుప్పెడంత బిడ్డకు అదే పట్టిస్తారా?"

జోనా చేయి ఆగిపోయింది. వాడు నాయన మాట దాటి ఎరుగడు. లోపల బిడ్డ నల్లబడుతూనే ఉంది.

అప్పుడు లిడియా బయటికి వచ్చింది.

"నాయనా, నువ్వు చెప్పేది అబద్ధం కాదు. నీ తొట్టిలో లేచేదాంట్లో ఇదీ ఉండాది. గాలి తగిలి ఎర్రపొగ అవుతాది, అది రొమ్ము కాలుస్తాది. ఇక్కడ అంత పొగ కాదు, ఆక్సిజన్‌లో ఇంత చిటికెడు కలిపి ఇస్తారు. ఎర్రపొగ పుడతా ఉందేమో మిషను కనిపెడతానే ఉంటాది."

"చిటికెడైనా విషం విషమే కదమ్మీ?"

"మన ఒళ్ళే దీన్ని చేసుకుంటాది నాయనా! నువ్వు రోజూ నమిలే శెనక్కాయల్లో అర్జినైన్ అని ఒకటి ఉండాది. దాంతోనే నీ రక్తనాళాలు ఈ గాలి రవ్వంత చేసుకొని విచ్చుకుంటాయి. పాప ఒంటికి ఇంకా ఆ పని చాలినంత చేతకాలా. అందుకే మనం అందిస్తాము."

ఆయన ఒకటే అడిగాడు. "ఆ సిలిండరు పక్కన నిలబడేది ఎవరు?"

"నేనే. డ్యూటీ అయ్యేదాకా. ఆ గది గాలి నేనూ పీలుస్తా."

ఆయన కూతురిని ఎగాదిగా చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు.

"మా యజమాని ఏనాడూ తొట్టి పక్కన నిలబడలా. నా కూతురు నిలబడతాదంట. పెట్రా సంతకం!"

పొద్దు వాలక ముందే లిడియా మమ్మల్ని వార్డు అద్దాల కిటికీ దగ్గరికి పిలిచింది. పాప పెదవులు, గోళ్ళు ఎర్రబడుతున్నాయి. ఆ వాయువును ఒక్కసారిగా ఆపకూడదట. మెల్లమెల్లగా తగ్గించి తీసేశారు. మా ఆయన రోజూ వచ్చి ఆ అద్దానికి నుదురు ఆనించి నిలబడేవాడు.

"ఏమే, ఎన్ని వేల కొళాయిలు ముంచి తీశానో! ఇంత మెరుపు ఎప్పుడూ తేలేదే."

"నువ్వు కాదులే తెచ్చింది, నీ కూతురు" అన్నాను.

"నా కూతురే కదా!" అన్నాడు, వార్డంతా వినబడేలా. డాక్టరమ్మ కూడా నవ్వింది.

పాపకు ఎస్తేరు అని పేరు పెట్టాము. ఇప్పుడు మేడమెట్లు దడదడా ఎక్కేస్తుంది. ఆయన కింద మెట్టు మీద కూర్చుని, శెనక్కాయలు ఒలుస్తూ, దగ్గుతూ, వచ్చేపోయేవాళ్ళందరికీ లిడియా సంగతే చెబుతాడు. పొట్టు ఊడ్చేది నేనే. ఒలవనీలే, ఊడుస్తా.