ఆకాశం లారీలో క్లీనరు

జగన్నాధం గొంతు సంగతి సాలూరులో తెలియనివాళ్ళు లేరు. లారీ స్టాండులో ఈ చివర నిలబడి ఒక్క కేక వేశాడంటే, ఆ చివర బండి కింద కునుకు తీస్తున్న క్లీనరు దిగ్గున లేచి కూర్చునేవాడు. రాయపూర్ లైనులో ఒక జీవితకాలం బండి తోలిన మనిషి. హారను లేకపోయినా ఘాటీ కొండదారి దిగిపోగలడని తోటి డ్రైవర్లు వేళాకోళం చేసేవారు. అలాంటి గొంతును పోయిన ఏడాది విశాఖపట్నంలో డాక్టర్లు కోసి తీసేశారు. లోపల పుండు పెరిగింది, వేరే దారి లేదన్నారు. మనిషి దక్కాడు, గొంతు పోయింది.

మాట పూర్తిగా పోయిందనడానికీ లేదు, అదే అసలు తంటా. ఆస్పత్రివాళ్ళు చిన్న టార్చిలైటులాంటి మిషను ఒకటి ఇచ్చారు. దాన్ని మెడకు ఆనించి మీట నొక్కి పెదాలు కదిపితే మాట వస్తుంది. వస్తుంది గానీ మనిషి మాటలా రాదు. రేకుడబ్బాలో తుమ్మెద దూరినట్టు జుయ్యిమంటూ, ఎత్తూ పల్లమూ లేకుండా వస్తుంది. మొదటిసారి దాన్ని పట్టుకుని జగన్నాధం కూతురి మొహంలోకి చూస్తూ "భవానీ" అన్నాడు. పక్క మంచం దగ్గర నిలబడ్డ ఆడపిల్ల ఒకతి కిసుక్కున నవ్వింది. అంతే, మిషను డబ్బాలోకి పోయింది. ఇంటికొచ్చాక డబ్బా బీరువా మీదికి పోయింది.

అప్పటి నుంచి జగన్నాధం అరుగు మీదికి రావడం మానేశాడు. పలకా బలపం ఇస్తే పక్కకు నెట్టేశాడు. ఒకప్పుడు అతని బండి మీద క్లీనరుగా చేసి, ఇప్పుడు సొంత లారీ నడుపుతున్న గంగరాజు, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుని స్టాండు కబుర్లన్నీ చెప్పి పోతాడు. జగన్నాధం గోడ చూస్తూ పడుకుంటాడు. వాడకపోతే పెదాలు మాట మరిచిపోతాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని డాక్టరు ప్రతిసారీ చెబుతూనే ఉన్నాడు. భార్య లక్ష్మణమ్మ బతిమాలింది, తిట్టింది, ఒక పూట అన్నం మానేసింది. ఏమీ పని చెయ్యలేదు.

కూతురు దుర్గాభవాని మాత్రం బతిమాలలేదు, దొంగచాటుగా ఏడ్చింది. పెళ్ళై పక్క వీధిలోనే ఉంటుంది. బైపాసు రోడ్డు మీద రేడియం స్టిక్కర్ల షాపు ఆమెది. లారీల అద్దాల మీదికి దేవుళ్ళ పేర్లు, పిల్లల పేర్లు కత్తిరించి అతికిస్తుంది. ఏ బండికి పని చేసినా అద్దం మూలన వేలెడంత అంతరిక్ష నౌక ఒకటి ఊరికే అతికించి పంపుతుంది. ఇదేమిటని డ్రైవర్లు అడిగితే "మా నాన్న బండి" అంటుంది. ఆ మాటకు వెనక పెద్ద కథే ఉంది.

ఆమె చిన్నప్పుడు ఆ వీధి మొత్తానికి టీవీ ఉన్నది జగన్నాధం ఇంట్లోనే. రాయపూర్‌లో ఎవరో అమ్ముతుంటే కొని, దుప్పటి చుట్టి, కేబిన్లో తన పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాడు. గంగరాజు దారిపొడుగునా వెనక బస్తాల మీదే ప్రయాణం చేశాడు. ఆదివారం పొద్దున్న అందులో ఒక హిందీ సీరియల్ వచ్చేది. ఒక అంతరిక్ష నౌక, దానికో కెప్టెను, అతనికి సాయంగా ఒక మరమనిషి. చూడ్డానికి వీధి వీధంతా వచ్చేది. హిందీ మాత్రం లైను డ్రైవర్లకు తప్ప ఎవరికీ రాదు. దాంతో తెలుగులో చెప్పే పని జగన్నాధం మీద పడింది. పడింది అనకూడదు లెండి, ఎగిరి అందుకున్నాడు. ఆదివారం పొద్దుటికి ఇల్లు చేరేటట్టు లోడు చూసుకునేవాడు.

అతనిది రోడ్డు పక్క డాబా హోటళ్ళలోనూ చెక్‌పోస్టుల్లోనూ నేర్చిన హిందీ. అందుకని ఆ నౌక కాస్తా లారీ అయిపోయింది. కెప్టెను డ్రైవరయ్యాడు, మరమనిషి క్లీనరయ్యాడు. ఉల్కలు అడ్డం వచ్చే చోటు ఘాటీ. పచ్చ మొహాల శత్రువులు చెక్‌పోస్టువాళ్ళు.

"ఇగో, బండి ఆపేసేరు. కాయితాలు సూపించమంతన్నారు. మనోడు సూపిస్తాడేటి? లోడు ఎక్కువున్నాది గదా" అనేవాడు. వీధంతా ఊపిరి బిగబట్టేది. ఎవరూ దాన్ని అసలు పేరుతో పిలవలేదు. అది 'ఆకాశం లారీ', అంతే.

లోడుతో బండి కదిలే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం లారీవాళ్ళ ఆనవాయితీ. మొదటి ఆదివారం నౌక నిప్పులు కక్కుకుంటూ లేవగానే జగన్నాధం పెదవి విరిచాడు.

"నిమ్మకాయలు తొక్కించకుండా తీసేడు బండి. సూడండి, ఏటవుతాదో."

కాసేపటికే పెద్ద రాయొకటి వచ్చి నౌకను గుద్దింది. జనం జగన్నాధాన్ని చూసిన చూపు చూడాలి. తర్వాతి ఆదివారం లక్ష్మణమ్మ ఎవరూ చెప్పకుండానే టీవీ స్టూలు కాళ్ళ దగ్గర తలా ఒక నిమ్మకాయ పెట్టింది. ఆ వారం నౌకకు ఏ ప్రమాదమూ రాలేదు. ఇక ఆ సీరియల్ నడిచినన్నాళ్ళూ నిమ్మకాయలు తప్పలేదు. మర్నాడు ఇంట్లో పులిహోరా తప్పలేదు.

భవానికి మాత్రం క్లీనరంటే ప్రాణం. మరమనిషి మాట్లాడినప్పుడల్లా జగన్నాధం స్టీలు గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. నౌక వెళ్ళి ఏదైనా స్థావరానికి ఆనుకునేటప్పుడు, లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు వెనక నిలబడి అరిచినట్టే, ఆ గ్లాసులోంచి "రానీ... రానీ... ఎడం కొట్టు... రానీ... రైటు" అని అరిచేవాడు. బండి సరిగ్గా ఆనిందనే ఆ రైటు వినపడగానే భవాని చప్పట్లు కొట్టేది. బళ్ళో బెంచీలు జరిపేటప్పుడు కూడా రానీ రానీ అంటూ వెనక నిలబడి, టీచరు చేత చీవాట్లు తినేది.

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం గాలివానకు సాలూరంతా కరెంటు పోయింది. ఎవరూ చూడలేదు. సాయంత్రం వాన వెలిశాక అందరూ అరుగు మీద చేరి జగన్నాధాన్నే అడిగారు. తనూ చూడలేదు కదా, ఎలా చెబుతాడని ఒక్కరికీ తోచలేదు. అతను బీడీ ముట్టించి, తాపీగా చెప్పాడు.

"డ్రైవరుకి దెబ్బ తగిలి పడిపోనాడు. మరి బండెవుడు తోలతాడు? క్లీనరే కూసున్నాడు స్టీరింగు కాడ. ఎక్కడా గీత పడకుండా తెచ్చి ఇంటి ముందు ఎట్టీసేడు."

పక్కనున్న గంగరాజు ఆ మాటకు కళ్ళు తుడుచుకున్నాడు. మరుసటి ఏడు జగన్నాధమే అతని చేతికి స్టీరింగు ఇచ్చి నేర్పించాడు.

ఇదంతా ఎప్పటి మాటో. మొన్న ఒక మధ్యాహ్నం షాపులో పని లేక ఫోన్ తిప్పుతుంటే, భవానికి ఆ సీరియల్ కనబడింది. ఎవరో పాత టేపుల్లోంచి తీసి భాగాలన్నీ పెట్టారు. కత్తిరిస్తున్న 'శ్రీ' అక్షరాన్ని అలాగే వదిలేసి మొదటి భాగం పెట్టుకుంది.

పెట్టుకుని నీరుగారిపోయింది. నౌక థర్మోకోల్‌ది, వేలాడదీసిన దారం కూడా కనబడుతోంది. కెప్టెను తాసిల్దారు మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. మరమనిషి ఎక్కడా రానీ రానీ అనడం లేదు. వంద మీటర్లు, ఎనభై మీటర్లు అని హిందీలో లెక్క చెబుతోందంతే. లోడు లేదు, ఘాటీ లేదు, కాయితాలడిగేవాడు లేడు. ఇన్నేళ్ళూ తను మురిసిపోయిన సీరియల్ అసలు టీవీలో రానే లేదని, అది మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుందని ఆమెకు అప్పుడు తెలిసింది. షాపు షట్టరు సగం దించి బాగా ఏడ్చుకుంది.

ఏడుపయ్యాక గంగరాజుకు ఫోన్ చేసింది. "బావా, ఆదివారం ఊళ్ళో ఉంటావేటి?"

"ఉంటాను. ఏటైంది?"

"ఆకాశం లారీ ఏస్తన్నాను. మనం సూడనేదు గదా, ఆ ఆఖరిది."

ఆదివారం పొద్దున్న భవాని ఆ సీరియల్ ఆఖరి భాగాన్ని పుట్టింటి హాల్లో టీవీకి ఎక్కించింది. తండ్రిని రమ్మని పిలవలేదు. ఆయన గదికీ హాలుకీ మధ్య ఉన్నది ఒక కర్టెనే. లక్ష్మణమ్మ వంటింట్లోంచి నిమ్మకాయలు తెచ్చి తికమకపడింది. ఇప్పటి టీవీ గోడకు ఉంది, దానికి కాళ్ళెక్కడివి? చివరికి గోడ వారన రెండు పెట్టి వచ్చి కూర్చుంది. "సెప్పు గంగరాజూ, నాకేటీ అర్థం గాదు" అంది.

గంగరాజు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎంత ఘోరంగా చెప్పాడంటే, వార్తలు చదివేవాళ్ళు నయం.

"కెప్టెను గారు ఇంజను చెడిపోనాదని అంతన్నారు. ఆ మిషను, సిత్తం అంతన్నాది."

లోపల మంచం కిర్రుమంది.

"మిషనేటి, క్లీనరు గదా" అంది లక్ష్మణమ్మ.

"క్లీనరెక్కడున్నాడత్తా ఆకాశంలోన? మిషనే అది. ఏదో వాగుతన్నాది" అన్నాడు గంగరాజు, కర్టెన్ వైపు చూడకుండా, కొంచెం గట్టిగా.

లోపల మంచం పట్టె మీద పిడికిలితో గుద్దిన చప్పుడు. పాతికేళ్ళు రాయపూర్ లైను తిరిగిన గంగరాజుకు హిందీ బాగానే వచ్చునన్న సంగతి భవానికి అప్పుడు గుర్తొచ్చింది. నోరు మూసుకుని కూర్చుంది. గంగరాజు ఇంకా రెండు తప్పులు చెప్పేసరికి కర్టెన్ తొలగింది. జగన్నాధం గుమ్మంలో నిలబడి, కళ్ళెర్రజేసి, కాదు కాదు అని చెయ్యి ఊపుతున్నాడు.

"ఏటి మావా, తప్పా? మరైతే నువ్వే సెప్పు" అన్నాడు గంగరాజు.

జగన్నాధం అతన్ని చూశాడు, టీవీని చూశాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఇన్నాళ్ళకు గది దాటాడు, అదే చాలనుకుంది భవాని.

కానీ సీరియల్ వాళ్ళు ఆమె మాట వింటారా? నౌకలో బ్యాటరీలు అయిపోయాయి. మరమనిషి గుండెలో ఉన్న బ్యాటరీ తీసి ఇంజనుకు పెడితే గాని నౌక ఇల్లు చేరదు. కెప్టెను వద్దంటున్నాడు. మరమనిషే తన గుండె మీది తలుపు తీసుకుని బ్యాటరీ చేతికిచ్చింది. కళ్ళలోని దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. థర్మోకోల్ అయితేనేం, భవాని తండ్రి మొహం వైపు చూడలేకపోయింది. గంగరాజు కూడా చెప్పడం ఆపేశాడు.

"ఏటయ్యిందే? క్లీనరు సచ్చిపోనాడా?" అంది లక్ష్మణమ్మ.

జగన్నాధం లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. కర్టెన్ పడింది. ఎంత పని చేశాను, మనిషిని బయటికి రప్పించి మరీ గుచ్చానే అనుకుంది భవాని. తను ముందే చూసి పెట్టవలసింది. ఆమె చెయ్యి రిమోటు మీదికి వెళ్ళింది, ఆపేద్దామని.

గదిలో స్టూలు జరిగింది. ఏదో డబ్బా మూత ఊడి కింద పడింది.

టీవీలో నౌక స్థావరం దగ్గరికి వస్తోంది. లెక్క చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు కర్టెన్ వెనక నుంచి జుయ్యిమని చప్పుడు వచ్చింది.

"రా... నీ."

గంగరాజు దిగ్గున నిటారుగా కూర్చున్నాడు.

"రానీ... రానీ..."

కర్టెన్ పక్కకు జరిగింది. జగన్నాధం మిషను మెడకు ఆనించుకుని, టీవీలో నౌకనే చూస్తూ, రెండో చెయ్యి గాల్లో అడ్డంగా ఊపుతూ వస్తున్నాడు. ఎత్తూ పల్లమూ లేని ఆ గొంతు అచ్చం స్టీలు గ్లాసులోంచి వచ్చినట్టే ఉంది.

"ఎడం... కొట్టు... రానీ..."

నౌక స్థావరానికి ఆనుకుంది.

"రైటు."

భవాని చప్పట్లు కొట్టబోయింది, చేతులు కలవలేదు. మొహం కప్పుకుని ఏడ్చేసింది. లక్ష్మణమ్మ లేచి మొగుడి భుజం పట్టుకుని నిలబడింది.

"క్లీనరు సచ్చిపోనాడు గదా నాన్నా" అంది భవాని.

జగన్నాధం మిషను సరిచేసుకున్నాడు. మాటకూ మాటకూ మధ్య మీట వదిలి, మళ్ళీ నొక్కుతూ అన్నాడు.

"ఎవుడు... సచ్చిపోనాడు? ఇక్కడే... ఉన్నాడు గదా."

తర్వాత కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చుని, గంగరాజు వైపు గుర్రుగా చూశాడు.

"మొదట్నుంచి... ఎట్టు. ఈడు సెప్పిందంతా... తప్పే."

భవాని కళ్ళు తుడుచుకుని మొదటి భాగం పెట్టింది.