ఆఖరి స్థానంలోని గౌరవం

మా ఆయన మీద నా ఫిర్యాదు ఒక్కటే: ఇంటి తిండి ఆయనకు గిట్టదు. ఊళ్లో ఎవరు పోయినా ఆ ఇంటివాళ్లు పెట్టే కాఫీ తాగి, పందిమాంసం హామ్ పెట్టిన రొట్టె తింటాడు. ఫైరింజను వాళ్లు చందాల కోసం వండే ఆల్చిప్పలు తింటాడు. బ్యాండు మేళం వాళ్ల స్పగెట్టీ తింటాడు. రెండో మేళం అలగకుండా వాళ్లదీ తింటాడు. నా సూప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కడుపులో చోటుండదు. బెల్జియంలోని మా ఫ్లాండర్స్‌లో దీన్ని ప్రజాసేవ అంటారు.

మా ఆయన గెరోల్ఫ్ చాలాకాలంగా బ్రస్సెల్స్‌లోని ఫ్లెమిష్ శాసనసభలో సభ్యుడు. అక్కడ ఆయన ఏం మాట్లాడాడో మా వైపు ఎవరికీ తెలియదు. ఎవరి అంత్యక్రియలకు రాలేదో మాత్రం అందరికీ తెలుసు.

ఈ వసంతంలో పార్టీ జిల్లా అధ్యక్షుడు నోర్బర్ట్ మా వంటింట్లో కూర్చుని, అభ్యర్థుల జాబితాలో ఎప్పుడూ మా ఆయనకిచ్చే మూడో స్థానం ఈసారి ఒక కుర్ర లాయరమ్మకు ఇస్తున్నామని చెప్పాడు. మా ఎన్నికల్లో పార్టీ జాబితాలో పైనున్న కొద్దిమందే గెలుస్తారు; మూడో స్థానమంటే గెలుపు ఖాయం.

"నీకు ఆఖరి స్థానం, గెరోల్ఫ్. జాబితాను వెనకనుంచి తోసే పెద్దమనిషివి నువ్వు. ఎంత గౌరవం!"

"అంత గౌరవమైతే నువ్వే తీసుకో నాయనా," అంది మా అత్త గోడెలీవ, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

ఆ రోజు నుంచి ఆయన కుర్చీలో నిలకడగా కూర్చున్నది లేదు. బల్ల చుట్టూ తిరగడం, ఫోన్ చూడడం, కిటికీ తీయడం, మళ్లీ వేయడం. శనివారం మధ్యాహ్నం పార్టీ సభ్యులు ఓటు వేస్తే గాని జాబితా ఖరారు కాదు. లేచి గట్టిగా అడిగితే మూడో స్థానం దక్కుతుందని ఆయన ఆశ.

దేవుడి దయవల్ల ఆ శనివారం పొద్దున్నే రెండు అంత్యక్రియలు పడ్డాయి. పక్క ఊళ్లో పాడి రైతు మౌరిట్స్. మా ఊళ్లో, చర్చి వెనక బంగాళాదుంప వేపుళ్ల కొట్టు నడిపిన ఇర్మా.

"ఒక్కచోటికే వెళ్లు. చివరిదాకా కూర్చో," అన్నాను.

"రెండో ఇంటివాళ్లు ఓటెయ్యరు. నీకు రాజకీయం తెలీదు."

మా దగ్గర చర్చిలో అంత్యక్రియల పూజ మధ్యలో అందరూ వరసలో వెళ్లి కానుక వేసి, పోయినవారి ఫోటో ఉన్న చిన్న కార్డు తీసుకుంటారు. తెలివైనవాళ్లు అటునుంచి అటే పక్క తలుపులోంచి జారుకుంటారు. మా ఆయన మౌరిట్స్ కార్డు జేబులో వేసుకుని అలాగే జారుకుని, కారును వేగంగా తోలుకుంటూ, ఇర్మా ఇంటివాళ్లు కాఫీ ఇస్తున్న హాలులోకి వచ్చి పడ్డాడు. ఇర్మా పూజకు చివరిదాకా కూర్చున్న నేను అప్పటికే అక్కడున్నాను. ఆయన నేరుగా వెళ్లి ఇర్మా కూతురు రోజలిండ్ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏం మనిషమ్మా మీ నాన్న! ఆ ఆవులు కూడా బెంగ పెట్టుకుని ఉంటాయి."

రొట్టె నములుతున్న దవడలన్నీ ఆగిపోయాయి.

"మా నాన్న అదిగో, మీ వెనకాలే ఉన్నాడు," అంది రోజలిండ్. "పోయింది మా అమ్మ."

ముసలి ఆషీల్ కప్పు కింద పెట్టాడు. "నేనింకా పోలేదయ్యా. మధ్యాహ్నం ఓటెయ్యాల్సింది ఉంది."

ఎవరికో కాఫీ పొలమారింది. నేను నా రొట్టెలోని హామ్‌ను అతి శ్రద్ధగా పరిశీలించాను.

"తొందరలో నోరు జారింది. అంతే కదా," అన్నాడు మా ఆయన కారులో. నేను సీటు బెల్టు పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మీటింగు హాలు నిండింది. పిల్లలు వద్దన్నా ఆషీల్ నల్ల టై విప్పకుండానే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నోర్బర్ట్ పేర్లు చదివాడు. గెరోల్ఫ్ లేచాడు.

"మీ గడప గడపా తెలిసినవాణ్ని నేను. మీ కష్టసుఖాలు కొత్తగా వచ్చినవాళ్లకేం తెలుస్తాయి? మూడో స్థానం నాకే రావాలి!"

కొందరు చప్పట్లు కొట్టారు. ఆషీల్ చెయ్యెత్తాడు.

"ఒక్క మాట, గెరోల్ఫ్. మా ఇర్మా దేనివల్ల పోయింది?"

ఆ గొంతులో కోపం లేదు. దారి అడిగినట్టు అడిగాడు. మా ఆయన నోరు తెరిచి, నా వైపు చూశాడు. నాకు తెలుసు, శీతాకాలమంతా ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నదాన్ని. పెదవి కదిపి అందిద్దామా అనిపించింది. పెళ్లయినప్పటి నుంచీ నేను చేస్తున్న పనే అది. కదపలేదు.

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. లాయరమ్మ తల దించుకుంది.

"తెలీదు, ఆషీల్," అన్నాడు చివరికి. "పూజకు రాలేదు, ఎవర్నీ అడగనూ లేదు. గడప గడపా తెలుసన్నాను చూడు, అది తప్పు. ఆ మాట చెప్పి మూడో స్థానం అడగడమూ తప్పే."