పదకొండు దినాల నాటి పొగ

మా ఆయన గంజాయి తాగినాడు. ఈ మాట చర్చిలో అందరి ముందర లేసి చెప్పింది నేనే.

ఆయన పేరు వినీత్. నంద్యాలలో బడి ఆటో నడుపుతాడు. సోమవారం గోస్పాడు రోడ్డులో కుక్క అడ్డమొచ్చి ఆటో పక్కకు ఒరిగింది. పిల్లలకు గీతలు పడ్డాయి, అంతే. మా బిడ్డ జ్యోత్స్న కూడా అందులోనే ఉండె. పోలీసులు ఆస్పత్రిలో ఉచ్చ పరీక్ష చేయిస్తే గంజాయి ఉందని తేలింది. రక్తం కూడా తీసి ల్యాబుకు పంపినారు. దాని రిపోర్టు వచ్చేలోపలే బడి నడిపే హరీశ్ సారు, "తాగి పిల్లల్ని ఎక్కించుకున్నాడు, ఇంక రావద్దు" అనేసినాడు.

ఇంట్లో తలుపేసి ఆయన్ని అడిగినా.

"నిజం చెప్పప్పా. యాడ తాగినావ్? ఎప్పుడు?"

"ఆళ్లగడ్డలో, మీ అన్న శిల్పాలు చెక్కే షెడ్డులో. ఆ ఒక్క దినమే, నాలుగైదు బీడీలు. మొన్న గురువారం గాదు, దాని ముందరి గురువారం."

"సోమవారం?"

"జ్యోత్స్న మీద ఒట్టు, లేదు."

"బిడ్డ మీద ఒట్టేయాకు. నీ రక్తమే చెప్తాది."

నమ్మినానా అంటే, సగమే. తొమ్మిదితో చదువు మాన్పించినారు నన్ను. అయినా మర్నాడు ఆస్పత్రి ల్యాబులో పనిచేసే సుకన్యక్కను పట్టుకున్నా.

"ఉచ్చలో వారాల తరబడి కనబడొచ్చు రెబెకా. రక్తంలో అట్లా గాదు. మత్తెక్కించేది గంటల్లో తగ్గిపోతుంది, దాని మిగులు మటుకు దినాల తరబడి, ఎక్కువ తాగింటే వారం దాటి కూడా ఉండొచ్చు. రెండూ చూసి కొత్తదా, పాతదా అని అంచనా కడతారు. రోజూ తాగేటోడైతే ఆ అంచనా తప్పుతుంది."

"రోజూ తాగితే ఆ వాసన నాకు తెల్దా అక్కా?"

ఇంటికొస్తే మామ దేవసహాయం ఇంకో దారి వెతికి పెట్టినాడు. ఆయన సంఘ పెద్ద. ఆదివారం వినీత్ లేసి, ఉచ్చ పరీక్ష తప్పు, గంజాయి జన్మలో ముట్టలేదని సాక్ష్యం చెప్పాలంట. ఆ సాక్ష్యం మీద పాస్టరు గారు బడికి లెటర్ రాసిస్తారంట.

"రిపోర్టులో ఆ మిగులు కనబడితే ఏం చేస్తావ్ మామా? ఒక అబద్ధం దొరికినాక మన నిజం ఎవరు నమ్ముతారు?"

"ఆడదానివి, నోర్ముయ్."

ఆదివారం వినీత్ మైకు పట్టుకుని "నేను ఎప్పుడూ..." అన్నాడో లేదో, లేసినా. 

"తాగినాడు. ఆటో ఒరిగిన దానికి పదకొండు దినాల ముందర. ఆ దినం తాగలేదంటాడు. నా బిడ్డ అందులో ఉండె, అందరికన్నా నాకే తెలియాల. రిపోర్టు రానీండి. సోమవారం తాగింటే నేనే స్టేషన్ కాడ దించొస్తా. తాగకుంటే పని మాన్పించినోళ్లు జవాబు చెప్పాల."

వెనక వరసలోని ముసలి మణెమ్మ, "మొగుని పరువు మైకులో పెట్టిందే!" అనింది.

"మైకు ఆయన చేతిలో ఉండాది పెద్దమ్మా. నాది ఒట్టి గొంతే."



బుధవారం రిపోర్టు వచ్చిందంటే, స్టేషన్లో కాపీ అడిగి తెచ్చుకున్నా. సుకన్యక్క రెండు లైన్ల కింద వేలు పెట్టింది. మత్తెక్కించేది లేదు. మిగులు కొద్దిగా ఉంది. "గంటల నాటిది గాదు, దినాల నాటిది. ఏ దినమో మటుకు చెప్పలేం."

ఆ కాగితం హరీశ్ సారు టేబుల్ మీద పెట్టినా. చదివినాడు.

"అయినా తాగినట్టే గదమ్మా?"

"ఆ మాట మీకంటే ముందర చర్చిలో నేనే చెప్పినా సార్. తాగి నడిపినాడని మీరన్నారే, అది యాడుందో చూపించండి."

వేలితో వెతికినాడు. కాగితం తిప్పి వెనక కూడా చూసినాడు.

"రేపు రమ్మను" అన్నాడు.

బయట ఆటోలో వినీత్ నవ్వబోయినాడు.

"నవ్వాకు. ఇంకోసారి ఆళ్లగడ్డ పొగ తగిలితే రక్తం తీసే సూది నేనే గుచ్చిస్తా" అని జ్యోత్స్నను ఒళ్లో కూర్చోబెట్టుకున్నా. "ఊ, పోనీ."