మిద్దె మీద గది

మిద్దె మీద గది కట్టుకోవడానికి మునిసిపాలిటీ అనుమతి వచ్చిందని గంగాధరం చెప్పగానే, అతని కొత్త పెళ్లాం చంద్రకాంత ఎగిరి గంతేసింది. పెళ్లయి మూడు నెలలైనా, పదకొండు మంది ఉన్న ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ ఒక మూలైనా దక్కలేదు మరి.

గోడకు గోడ ఆనుకున్న పక్కింటి నుంచి తాయమ్మ అరిచింది. “మీరు గది లేపితే నా పెరట్లో ఎండ యాడుంటాది? నా వడియాలు యాడ ఎండాల? ఆపమని అర్జీ పెడతా!”

గంగాధరం మొహం వాడిపోయింది. చంద్రకాంత మాత్రం నవ్వు ఆపుకుంది.

“అర్జీ ఎందుకత్తా? గది పోను మిగతా మిద్దంతా ఎండే గదా. వడియాలు ఆడే పెట్టుకోండి.”

తాయమ్మ మెత్తబడింది. “రోజూ ఎక్కనిస్తావా?”

“రోజూ ఎక్కండి. రేప్పొద్దున్నే మొదలుపెడదాం. ఒక చేతిలో మీ పిండి గిన్నె, ఇంకో చేతిలో మా ఇటుక!”