అంజనప్ప దగ్గు

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రూతమ్మ అందరికంటే ముందే వచ్చి, చర్చి ఊడ్చి, ఆడవాళ్లకో వైపు, మగవాళ్లకో వైపు చాపలు పరిచేది. మగవాళ్ల వైపు గోడ పక్కన చెంబుతో నీళ్లు పెట్టేది. అవి అంజనప్పకు. ఆమె భర్త అంజనప్ప చనిపోయి ఏడాది దాటింది. అయినా ఆ చోట ఎవరూ కూర్చోరు. కొత్తవాళ్లు తెలియక కూర్చోబోతే, ఆడ అంజనప్ప ఉంటాడు, ఇట్ల జరుగప్పా అని పక్కకు పిలుస్తారు.

పెనుకొండ దగ్గర కంకర మిషన్‌లో దుమ్ము మింగి మింగి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు చెయ్యెత్తితే, పాస్టరయ్య ఆ మనిషి పేరు పలికి స్వస్థత కోసం ప్రార్థించడం ఆ సంఘంలో ఆనవాయితీ. రూతమ్మ ఏళ్ల తరబడి ఎత్తింది. సమాధి చేసిన వారం కూడా అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. పాస్టరయ్య కూడా అలవాటు కొద్దీ, అంజనప్పను ముట్టి బాగుచేయి తండ్రీ అనేశాడు. తర్వాత అందరూ మనశ్శాంతి కోసం మౌనంగా ధ్యానం చేసుకుంటుంటే, గోడ పక్కనుంచి అంజనప్ప దగ్గాడు. ఎక్కడ దగ్గకూడదో ఆ మనిషికి బతికున్నప్పుడూ తెలియదు. రూతమ్మకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి ఒక్క వారం కూడా చెయ్యెత్తడం మానలేదు.

అయితే దగ్గు రానురాను ముదిరింది. ఈమధ్య ఆయాసం, పిల్లికూతలు కూడా మొదలయ్యాయి. ధర్మవరంలో కాపురముంటున్న కూతురు సంగీత ఒక శుక్రవారం వచ్చి, ధ్యానమంతా చెవులు మూసుకునే కూర్చుంది. బయట చెప్పులు వేసుకుంటూ తల్లితో మెల్లగా అంది.

"మా, నువ్వు చెయ్యెత్తినన్నాళ్లూ నాయన జబ్బుతోనే ఉండాల. ఇంగ ఇడిసిపెట్టు."

"ఎత్తకుంటే రాడు గదమ్మా."

"రాడు. ఆయాసమూ ఉండదు."

వారమంతా రూతమ్మ కూతురి మీద మండిపడింది. తనకు మొగుడు కావాలి, అంతే. కానీ అన్నం ముందు కూర్చుంటే చాలు, ఆ పిల్లికూతలే చెవుల్లో తిరిగేవి. కట్టుకున్నవాడి బాధ వినడానికి శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నందుకు తనంటే తనకే భయం వేసింది.

తర్వాతి శుక్రవారం పాస్టరయ్య చేతులెత్తమన్నాడు. రూతమ్మ కుడిచెయ్యి దానంతటదే లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని ఒడిలో అదిమిపట్టింది. పాస్టరయ్య ఆమె వైపు చూసి కాసేపు ఆగాడు. గోడ పక్కన అంజనప్ప గొంతు సవరించుకున్నాడు. ఆమె తలెత్తలేదు. పాస్టరయ్య మిగతావాళ్ల పేర్లు పలుకుతూ పోయాడు.

ధ్యానం మొదలైంది. రూతమ్మకు ఏ ప్రార్థనా నోటికి రాలేదు. ఇంగ పోయి పడుకో, పో, అని లోపల్లోపలే చెప్పింది. గోడ పక్కనుంచి నిండు ఊపిరి ఒకటి వినిపించింది. పెళ్లయిన కొత్తలో, కంకర పనికి పోకముందు, ఆమె పక్కన పడుకుని తీసిన ఊపిరి. ఇంకోటి వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చుంది. రాలేదు.

అందరూ ఆమెన్ అన్నాక కూడా ఆమె కళ్లు తెరవలేదు. అంజనప్ప చనిపోయాక రూతమ్మ ఏడవడం అదే మొదలు.