అత్తగారి బొంత, వేడినీళ్ల ట్యాంకు

శనివారం ఉదయం మావారు ద్వారకానాథ్ భోజనాల బల్ల మీద లాప్‌టాప్‌ను నావైపు తిప్పారు. ఆయన యూనివర్సిటీలో వేడినీళ్ల ట్యాంకుల మీద పరిశోధన చేస్తారు. మేముండే పాయింట్ కుక్‌లో ఆరు ఇళ్లకు ఒకే రకం ట్యాంకులు పెట్టించారు. వేడిని అదుపు చేసేందుకు ఆయన తయారుచేసిన కంట్రోలర్ మాత్రం మా ఇంట్లోనే ఉంది.

"చూడు కుసుమా! జూన్ నుంచి రాత్రిపూట మన ట్యాంకు అన్నిటికన్నా తక్కువ వేడి పోగొట్టుకుంటోంది. మండే రివ్యూలో ఇది చూపిస్తే నా కంట్రోలర్ నెక్స్ట్ స్టేజ్‌కి వెళ్లినట్టే. ఎనిమిదేళ్ల పని!"

మొదటి స్లైడులో పెద్ద ప్రశ్న: ఇంధన పొదుపులో దేశాన్ని ముందుకు నడిపించేవి ఏవి? కింద మూడు జవాబులు: ప్రభుత్వ నిబంధనలు, పరిశోధన నిధులు, కరెంటు ధర.

నేను జూన్ దగ్గరే ఆగిపోయాను. ఇక్కడ చలికాలం మొదలయ్యేది జూన్‌లోనే; చలికి ఇడ్లీపిండి పొంగడం మానేసింది ఆ నెలలోనే.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

బట్టలుతికే గదిలో ట్యాంకున్న అలమర తలుపు తీశాను. ట్యాంకు పైన పైపులకు ఆనించి పిండిగిన్నె, రెండింటినీ కలిపి చుట్టిన అత్తగారి బొంత.

వెనక నుంచి మా అమ్మాయి లిఖిత పగలబడి నవ్వింది. "నాన్నా, ఇట్స్ నాట్ యువర్ కంట్రోలర్. ఇట్స్ నానమ్మాస్ బొంత!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "రెండు నెలల్నుంచి చెప్పలేదేం?"

"ట్యాంకు ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు. పైపులకే కదా కప్పాను?"

ఆ రాత్రి బొంత తీసేశాం. ఆదివారం ఉదయానికి మా అంకె మిగతా ఇళ్ల అంకెల్లో కలిసిపోయింది. ఆయన ఉప్మా తిని, కంట్రోలర్ స్లైడులన్నీ తీసేశారు. వాటి చోట ఫొటో పెట్టడానికి బొంతను మళ్లీ పైపులకు చుట్టి ఫోన్ పైకెత్తారు.

"ఆగండి. అంతమంది చూస్తారు," అని మడతలు సరిచేశాను.

సోమవారం సాయంత్రం బూడిదరంగు పైపు తొడుగులతో ఇంటికొచ్చారు. "కంట్రోలర్ ఆగిపోయింది. ఆరిళ్లలోనూ పైపులకు ఇవి తొడిగి చూడమన్నారు. ఎవరు కనిపెట్టారని అడిగితే నీ పేరు చెప్పాను."

గొంతులో దిగులు లేకపోలేదు. అయినా మోకాళ్ల మీద కూర్చుని తనే తొడిగారు. వంపు దగ్గర వేలెడంత సందు మిగిలింది. చూపించాను. అదీ మూశారు.

మంగళవారం పొద్దున చూస్తే, పైపుల పక్కన పెట్టిన పిండి పొంగకుండా చల్లగా ఉంది. గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

వేలు ముంచి చూశారు. "పోయే వేడంతా దీనికే వచ్చేదన్నమాట." లేచి వెళ్లి, విప్పి పక్కన పెట్టిన కంట్రోలర్ పట్టుకొచ్చారు. "దీనికెంత వేడి కావాలి?"

"చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి."

"డిగ్రీల్లో చెప్పవే బాబూ!"